బేసిన్ కింది బండ

వీరులపాడు మండలంలో గానీ, పక్కనున్న నందిగామ, జగ్గయ్యపేట ఊళ్ళలో గానీ పాతికేళ్ళ కిందట కట్టిన డాబా ఇళ్ళలో చేతులు కడుక్కునే చోటు చాలావరకు ఒకే తీరున ఉంటుంది. రెండు పక్కలా ఇటుకతో కట్టిన పొట్టి గోడలు, వాటి మీద పాలిష్ పట్టిన నల్ల కడప బండ, ఆ బండకు కోసిన కంతలో తెల్ల పింగాణీ బేసిన్. కట్టిన కొత్తలో ఆ నల్లబండలో మొహం కనిపించేది. ఇప్పుడు బేసిన్ చుట్టూ జానెడు మేర మెరుపు పోయి, గరుకుదేలి, బూడిద రంగు మచ్చలు పడి ఉంటుంది. కుళాయి మొదట్లో తెల్లటి గార గట్టిపడి, గోటితో గీకినా రాదు. దసరాకో సంక్రాంతికో ఇంటికి సున్నాలు వేయించేటప్పుడు ఇక దీన్ని మార్చేద్దామన్న మాట వస్తుంది.

మార్చవలసిందే. అయితే పాత బండ ఎందుకు అలా అయిందో తెలుసుకోకుండా మారిస్తే, కొత్త బండ కూడా ఇంకో నాలుగేళ్ళకు అలాగే తయారవుతుంది. పాతబడిందన్నది సగం నిజమే. కడప బండ వయసు కోట్ల సంవత్సరాలు. మన ఇంట్లో గడిపిన పాతికేళ్ళు దాన్ని ముసలిదాన్ని చెయ్యలేవు. దాన్ని పాడు చేసింది ఆమ్లం. దానికి తోడు మన బోరు నీళ్ళు.

కడప బండ, నాపరాయి, మాచర్ల రాయి, బేతంచెర్ల పలకలు, తెలంగాణలో షాబాద్ బండ అనేది, ఇవన్నీ సున్నపురాతి కుటుంబంవే. రంగు మారుతుంది, పొరల మందం మారుతుంది, లోపలి సరుకు మాత్రం ప్రధానంగా కాల్షియం కార్బొనేటే. ఎప్పుడో లోతు తక్కువ సముద్రాల అడుగున పేరుకున్న సున్నపు ఒండ్రు ఒత్తిడికి గట్టిపడి రాయి అయింది. పొరలు పొరలుగా పేరుకుంది కాబట్టే దాన్ని గునపంతో లేపితే పలకలుగా విడివడుతుంది, ఫ్యాక్టరీలో పెద్దగా కోయకుండానే గచ్చుకు పనికొస్తుంది. పల్నాడు నుంచి కృష్ణ దాటి జగ్గయ్యపేట దాకా ఈ రాయి పరుచుకుని ఉంది. జయంతిపురంలో రాంకో, ముక్త్యాలలో కేసీపీ సిమెంటు ఫ్యాక్టరీలు వెలిసింది ఈ సున్నపురాయిని నమ్ముకునే. కృష్ణకు ఆవలి వైపున్న పిడుగురాళ్ళకు సున్నపు బట్టీల వల్లనే పేరొచ్చింది.

జగ్గయ్యపేటలో ధనంబోడు అనే గుట్ట మీద ఈ రాతి చరిత్రలో ఒక గొప్ప అధ్యాయం ఉంది. 1882లో పురావస్తు పరిశోధకుడు జేమ్స్ బర్జెస్ అక్కడ తవ్వించి బౌద్ధ స్తూపాన్ని వెలికి తీశాడు. చుట్టూ కప్పిన చెక్కడపు పలకల్లో సుమారు క్రీస్తుపూర్వం ఒకటో శతాబ్దపు చక్రవర్తి శిల్పం ఒకటి ఉంది. ఇప్పుడది చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉంది. మూడో శతాబ్దంలో ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి ఇరవయ్యో పాలనా సంవత్సరంలో సిద్ధార్థుడనే శిల్పి ఆ మహాచైత్యం తూర్పు వాకిట ఐదు ఆయక (వేదిక) స్తంభాలు నిలబెట్టించానని శాసనం చెక్కించాడు. రాజులూ శ్రేష్ఠులూ దానాలు చేసిన శాసనాలు బోలెడు. రాతిపనివాడు తన పేరున, తన తండ్రి పేరున, తన ఊరి పేరున దానం చెప్పుకున్న శాసనం మన పేట గుట్ట మీద దొరికిందంటే నాకు చాలా గర్వంగా ఉంటుంది. ఆయన ఉలి పెట్టింది ఈ సున్నపురాయి మీదే. అమరావతి శిల్పాలను చాలాకాలం పాలరాళ్ళు అని రాశారు గానీ అవీ పల్నాటి సున్నపురాళ్ళే.

రెండు వేల ఏళ్ళు నిలిచిన రాయి మన స్నానాల గదిలో పాతికేళ్ళకే ఎందుకు చెడింది? జవాబు అంకెల్లో ఉంది. ఆమ్లం ఘాటును పీహెచ్ అనే కొలతలో చెబుతారు. మంచి నీరు ఏడు దగ్గర ఉంటుంది. అంకె తగ్గేకొద్దీ ఘాటు పెరుగుతుంది, ఒక్కో మెట్టు దిగితే పదింతలు. గాలిలోని కార్బన్ డయాక్సైడు కలిసిన వాన నీరు 5.6 దగ్గర ఉంటుంది, అంటే అది కూడా కొద్దిపాటి ఆమ్లమే. వానలో నిలబడిన సున్నపురాయి ఏళ్ళ తరబడి కొద్దికొద్దిగా అరుగుతుంది. స్తూపం పలకలు శతాబ్దాలు మట్టికింద దాక్కోవడం వాటి అదృష్టం. ఇక దుకాణాల్లో దొరికే టాయిలెట్ క్లీనర్లు చాలావాటిలో సుమారు 10 శాతం హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉంటుంది. దాని పీహెచ్ ఒకటి కంటే తక్కువ. లెక్క వేస్తే అది వాన నీటి కంటే నలభై వేల రెట్లకు పైగా ఘాటు. సీసాల్లో విడిగా అమ్మే యాసిడ్ సంగతి చెప్పనక్కర్లేదు.

ఆ ఆమ్లం చుక్క సున్నపురాయి మీద పడగానే బుస్సుమని నురగ వస్తుంది. మురికి పోతోందని చాలామంది సంతోషిస్తారు. నిజానికి అక్కడ పోతున్నది రాయి. కాల్షియం కార్బొనేటు ఆమ్లంతో కలిసి నీళ్ళలో కరిగే కాల్షియం క్లోరైడుగా మారుతుంది, మిగిలింది కార్బన్ డయాక్సైడు బుడగలై ఎగిరిపోతుంది. వంద గ్రాముల కాల్షియం కార్బొనేటులో నలభై నాలుగు గ్రాములు ఈ వాయువే. సిమెంటు ఫ్యాక్టరీలో సుమారు 900 డిగ్రీల వేడి పెట్టి రాతిలోంచి బయటికి పంపేది కూడా దీన్నే. అంత మంట చేసే పనిని చల్లటి యాసిడ్ చుక్క మన బేసిన్ పక్కన చేసేస్తుంది. పాలిష్ అంటే రాతి పైపొరలో ఎత్తుపల్లాలు లేకుండా చెయ్యడం. నునుపైన తలం మీద పడిన వెలుగు ఒకే దిక్కుకు తిరిగి వస్తుంది కాబట్టి మెరుపు కనిపిస్తుంది. ఆమ్లం తిన్న చోట సూక్ష్మమైన గుంటలు పడతాయి, వెలుగు నాలుగు దిక్కులకూ చెదురుతుంది, బండ తెల్లబోయినట్టు కనిపిస్తుంది. ఆ మచ్చ పైన అంటిన మరక కాదు, సబ్బు పెట్టి తోమినా పోదు. మళ్ళీ పాలిష్ పట్టించాల్సిందే.

యాసిడ్ ఎందుకు పోస్తారంటే గార కోసం. ఆ గార ఎక్కడిదో చూస్తే ఈ కథలో అసలు చిక్కు బయటపడుతుంది.

వాన నీరు మట్టిలోకి ఇంకేటప్పుడు వేళ్ళూ సూక్ష్మజీవులూ వదిలిన కార్బన్ డయాక్సైడును ఇంకా పట్టుకుంటుంది. ఆ నీరు రాళ్ళ పగుళ్ళలో దిగుతూ సున్నపు ఖనిజాలను బైకార్బొనేటుగా కరిగించుకుంటుంది. బెలుం గుహలను తొలిచిందీ ఈ ప్రక్రియే. బోరు మోటారు ఆ నీటిని పైకి తెస్తుంది. పైకి రాగానే ఒత్తిడి తగ్గుతుంది, ఎండకు టాంకీ వేడెక్కుతుంది, కార్బన్ డయాక్సైడు గాలిలోకి వెళ్ళిపోతుంది. కరిగి ఉన్న సున్నం ఇక కరిగి ఉండలేదు. మళ్ళీ కాల్షియం కార్బొనేటుగా గట్టిపడి కుళాయి మూతికి, బేసిన్ అంచుకు, బండ మీద చుక్క ఆరిన చోటికి అతుక్కుంటుంది. గుహ పైకప్పు నుంచి వేలాడే సున్నపు స్తంభమూ, మన కుళాయి కొసన వేలాడే తెల్ల బొడిపా పుట్టుకలో అన్నదమ్ములు.

తాగే నీటికి మన దేశపు ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం మొత్తం కఠినత లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే దారి లేనప్పుడు 600 దాకా ఒప్పుకుంటారు. లీటరుకు 400 ఉన్న బోరు నీళ్ళు అనుకుందాం. చేతులు కడిగాక బండ మీద రోజుకు రెండు చెంచాల నీళ్ళు, అంటే పది మిల్లీలీటర్లు, తుడవకుండా ఆరిపోతే నాలుగు మిల్లీగ్రాముల సున్నం అక్కడ మిగులుతుంది. ఏడాదికి సుమారు గ్రామున్నర. పదేళ్ళకు పదిహేను గ్రాములు. అంతా కుళాయి మొదట్లో బెత్తెడు జాగాలో పేరుకుంటే ఎంత గట్టి పెచ్చు అవుతుందో ఊహించుకోవచ్చు. సాగర్ ఎడమ కాలువ నీరో, మునేరు నీరో కుళాయికి వచ్చే ఊళ్ళలో ఈ బాధ కొంత తక్కువ. బోరు మీద బతికే ఇళ్ళలో ఎక్కువ.

ఇప్పుడు చిక్కు చూడండి. గార కాల్షియం కార్బొనేటు. కింద బండ కూడా కాల్షియం కార్బొనేటు. ఆమ్లానికి రెండింటికీ తేడా తెలియదు. గారను కరిగించే ఏ మందైనా, నిమ్మకాయ కానీ, వెనిగర్ కానీ, చింతపండు కానీ, యాసిడ్ కానీ, బండను కూడా తింటుంది. పైగా గరుకు తేలిన చోట నీటి చుక్క ఇంకా గట్టిగా నిలుస్తుంది, అక్కడ ఇంకా గార పడుతుంది, దానికోసం ఇంకా యాసిడ్ పోస్తారు. ఇలా గార కట్టే ఉప్పు నీళ్ళున్న ఇంట్లో సున్నపురాతి బండ బేసిన్ కింద బతకలేదని నేను గట్టిగా చెబుతాను. గచ్చుకు, అరుగుకు, మెట్లకు, అటకకు కడప బండను మించినది లేదు. బేసిన్ చుట్టూ మాత్రం వద్దు. ఖరీదైన తెల్ల పాలరాయికీ ఇదే మాట వర్తిస్తుంది. అదీ కాల్షియం కార్బొనేటే.

మరి ఏ రాయి? ఆమ్లానికి లొంగని ఖనిజాలున్నది కావాలి. గ్రానైటులో ఉండేవి క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్, అభ్రకం. ఇవి సిలికేట్లు. ఇంట్లో వాడే మామూలు ఆమ్లాలు వీటిని చప్పున ఏమీ చెయ్యలేవు. గట్టిదనంలోనూ పెద్ద తేడా ఉంది. ఖనిజాల గట్టిదనాన్ని ఒకటి నుంచి పది దాకా కొలిచే మోస్ స్కేలు మీద సున్నపురాతి కాల్సైటు 3, ఫెల్డ్‌స్పార్ 6, క్వార్ట్జ్ 7. ఇసుక రేణువు అంటే ఎక్కువగా క్వార్ట్జే. పొలం నుంచి వచ్చి మట్టి చేతులు కడిగే ఇంట్లో ఆ ఇసుక కడప బండ మీద రోజూ గీతలు పెడుతుంది. గ్రానైటు మీద అంత తేలిగ్గా పెట్టలేదు.

దుకాణంలో గ్రానైటు పేరుతో అమ్మేవన్నీ భూవిజ్ఞానులు చెప్పే గ్రానైటు కావు. ప్రకాశం జిల్లా చీమకుర్తిలో దొరికి ప్రపంచమంతా వెళ్ళిన బ్లాక్ గెలాక్సీ అసలు గ్రానైటు కాదు, గాబ్రో జాతి రాయి. భూమి లోతున మెల్లగా చల్లారిన ద్రవశిల. అందులో రాగి రంగులో మెరిసే చుక్కలు బంగారం కాదు, బ్రాంజైటు అనే పైరాక్సీన్ ఖనిజం. బేసిన్ కింద పెట్టడానికి అది నిక్షేపంలాంటి రాయి. ఒక్క ఇబ్బంది ఉంది: నలుపు మీద తెల్ల గార కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఉప్పు నీళ్ళ ఇంటికి నా ఎంపిక ఒంగోలు వైపు దొరికే స్టీల్ గ్రే, లేదా కరీంనగర్ నుంచి వచ్చే టాన్ బ్రౌన్. వాటి చుక్కల్లో ఎండిన నీటి మరకలు కలిసిపోతాయి. ఖమ్మంలో గ్రానైటు పాలిష్ ఫ్యాక్టరీలు చాలా ఉన్నాయి, మన మెట్ట ప్రాంతానికి అది దూరం కాదు.

కొనే ముందు దుకాణంలోనే రెండు పరీక్షలు చెయ్యొచ్చు. నిమ్మకాయ బద్ద ఒకటి జేబులో వేసుకుని వెళ్ళండి. కోసి మిగిలిన ముక్క అడిగి తీసుకుని, పాలిష్ ఉన్న వైపు ఒక చుక్క పిండి పది నిమిషాలు ఆగి తుడవండి. వెలుగుకు అడ్డంగా పట్టి చూస్తే సున్నపురాయి మీద చుక్కంత మేర మసక కనిపిస్తుంది, గ్రానైటు మీద ఏమీ ఉండదు. రెండోది నల్ల రాళ్ళకు. బూడిద రంగు రాయికి నూనో రంగో పట్టించి నలుపని అమ్మడం ఉంది. తెల్ల గుడ్డ మీద కాస్త గోళ్ళ రంగు చెరిపే ద్రవం పోసి రుద్దితే, అద్దకం రాయి అయితే గుడ్డ నల్లబడుతుంది. అమ్మేవాళ్ళు ఈ పరీక్షలకు అభ్యంతరం చెబితే ఇంకో దుకాణం చూసుకోవడం మేలు.

రాయి ఎంచుకున్నాక బేసిన్ కంత కోయించాలి. ఇక్కడ కాస్త ఆగాలి, ఎందుకంటే ఇది మన ఇంటి సొగసు గురించి కాదు, కోసే మనిషి ఊపిరి గురించి.

గ్రానైటులో పావు వంతు పైచిలుకు క్వార్ట్జ్ ఉంటుంది. చేతి కటింగ్ మిషనుతో పొడిగా కోస్తే లేచే తెల్ల పొగలో కంటికి కనిపించని సిలికా రేణువులు ఉంటాయి. మిల్లీమీటరులో వెయ్యో వంతు మైక్రాను. నాలుగైదు మైక్రాన్ల రేణువు ముక్కులో, గొంతులో ఆగదు, ఊపిరితిత్తుల చిట్టచివరి గదుల దాకా పోతుంది. అక్కడి రక్షణ కణాలు దాన్ని మింగుతాయి, జీర్ణించుకోలేక చచ్చిపోతాయి, రేణువు మళ్ళీ బయటపడుతుంది, ఇంకో కణం మింగుతుంది. ఈ పోరాటంలో ఊపిరితిత్తి మెల్లగా మచ్చలు కట్టి గట్టిపడుతుంది. దీన్నే సిలికోసిస్ అంటారు. నయం చేసే మందు లేదు, క్షయ ముప్పు కూడా పెరుగుతుంది. స్ఫటిక సిలికా ధూళి క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1997లోనే తేల్చింది. రాతి పొడిని జిగురుతో కలిపి అచ్చు పోసే క్వార్ట్జ్ కౌంటర్‌టాపుల్లో సిలికా 90 శాతం దాకా ఉంటుంది. వాటిని కోసే యువకుల్లో ఈ జబ్బు విపరీతంగా బయటపడటంతో ఆస్ట్రేలియా 2024 జూలై 1 నుంచి ఆ రాళ్ళను పూర్తిగా నిషేధించింది. మన పట్టణాల షోరూముల్లో అవి ఇప్పుడు అందంగా వరుసలు తీరి ఉన్నాయి. సహజమైన రాయి చేతికందే దూరంలో ఉన్నప్పుడు వాటి జోలికి వెళ్ళొద్దని నా మనవి.

మొహానికి తువ్వాలు కట్టుకుంటే ఈ ధూళి ఆగదు. ఎన్95 మాస్కు కొంత ఆపుతుంది. అసలు మందు నీళ్ళు. బ్లేడు మీద ధారగా నీళ్ళు పడుతుంటే ధూళి గాలిలోకి లేవకుండా బురదగా కిందపడుతుంది. అయితే చేతి మిషనుకు కరెంటు, పక్కన నీళ్ళు, ఇది ఇంటి వాకిట్లో చేయించే పని కాదు. 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే కరెంటు ఆపేసే ఆర్‌సీసీబీ లేని ఇంట్లో అసలే వద్దు. బేసిన్ ముందే కొని, దాని అడుగు అంచును అట్ట మీద గీసి, ఆ అట్టను గ్రానైటు దుకాణానికి ఇవ్వండి. అక్కడ నీళ్ళతో కోసే పెద్ద మిషను మీద కోసి పంపిస్తారు. కూలీ కొంచెం ఎక్కువవుతుంది, అది ఇవ్వవలసిన డబ్బు.

కంత ఆకారం గురించి కూడా దుకాణంలో ఒక మాట చెప్పాలి. రాయి నొక్కుడుకు ఎంత గట్టిదో వంపుకు అంత బలహీనం. పైన బరువు పడి పలక కొద్దిగా వంగినప్పుడు దాని అడుగు పొర సాగాలి. సాగలేక పగులుతుంది. కంత ఉన్న చోట ఆ బలం ఒకే చోటికి కుదించుకుపోతుంది. 1913లో ఇంగ్లిస్ అనే బ్రిటిష్ ఇంజనీరు దీనికి లెక్క కట్టాడు. లాగుతున్న పలకలో గుండ్రటి కంత ఉంటే దాని అంచున ఒత్తిడి మూడింతలవుతుంది. కంత మూల ఎంత పదునుగా ఉంటే అది అంత ఎక్కువగా పెరుగుతుంది. చతురస్రపు బేసిన్‌కు కోసిన కంత నాలుగు మూలల్లో ఏదో ఒకదాని నుంచి వెంట్రుకంత పగులు బయల్దేరి ముందు అంచు దాకా పాకడం చాలా ఇళ్ళలో చూస్తాం. విరుగుడు సులువు. ముందు నాలుగు మూలల్లో గుండ్రటి డ్రిల్లుతో చిల్లులు వేసి, ఆ చిల్లులను కలుపుతూ కోయాలి. మూల గుండ్రంగా మిగులుతుంది.

నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, 18 మిల్లీమీటర్ల మందమున్న గ్రానైటు పలక సుమారు 36 కిలోలు తూగుతుంది, బ్లాక్ గెలాక్సీ అయితే 40. దాని మీద బేసిన్, బేసిన్ నిండా నీళ్ళు, పైగా మోకాళ్ళ నొప్పితో ఆనుకుని నిలబడే పెద్దాయన బరువు. ఇటుక గోడలు తీసేసి గోడకు వేలాడే బండ పెట్టాలనుకుంటే తుప్పు పట్టని స్టీలు యాంగిళ్ళు గోడ లోపలికి బిగించాలి. కంతకు అటూ ఇటూ, ముందుకు పలక వెడల్పులో కనీసం మూడొంతుల్లో రెండొంతులు వచ్చేలా ఉంటే నిశ్చింత. బేసిన్ పై అంచు నేల నుంచి 80 నుంచి 85 సెంటీమీటర్ల ఎత్తులో ఉండాలి. పాత బండ ఉన్న ఎత్తులోనే కొత్త బండ పెట్టి, దాని మీద గిన్నెలా కూర్చునే టేబుల్ టాప్ బేసిన్ పెడితే మొత్తం ఇంకో అరడుగు లేస్తుంది, ఇంట్లో చిన్నపిల్లలకు, పొట్టివాళ్ళకు మోచేతుల మీదుగా నీళ్ళు కారతాయి. అలాంటి బేసిన్ కావాలంటే బండను ముందే కిందికి దించుకోవాలి.

ఇంకొక చిన్న పని చాలామంది మరిచిపోతారు. బండ ముందు అంచు అడుగున, అంచుకు ఒక సెంటీమీటరు లోపల, పొడవునా సన్నటి గాడి కోయించండి. నీటికి రాతిని పట్టుకుని పాకే గుణం ఉంది. బండ మీద పొంగిన నీరు అంచు దిగి అడుగునే పాకుతూ వెనక గోడ దాకా పోయి, గోడ సున్నం ఉబ్బడానికి కారణమవుతుంది. గాడి దగ్గర ఆ దారి తెగుతుంది. చుక్క కట్టి నేలమీద పడిపోతుంది. పాత ఇళ్ళ కిటికీ సజ్జాల అడుగున మేస్త్రీలు గీసే గాడి పనిచేసేది ఈ సూత్రం మీదే.

బేసిన్ విషయంలో చెప్పేది తక్కువ. పింగాణీ బంకమట్టి, ఫెల్డ్‌స్పార్, క్వార్ట్జ్ కలిపి సుమారు 1200 డిగ్రీల దగ్గర కాలిస్తే ఫెల్డ్‌స్పార్ కరిగి గాజై సందులన్నీ పూడుస్తుంది. మంచి బేసిన్ నీటిని దాదాపు పీల్చదు. పైన ఉన్న గ్లేజు కూడా గాజే, దాన్ని నిమ్మ ఉప్పు ఏమీ చెయ్యదు. ఐఎస్ 2556 గుర్తు చూసి, వేలి కణుపుతో తట్టి చూడండి. ఖంగుమంటే మంచిది, మొద్దుగా పలికితే లోపల పగులున్నట్టు. పాత బేసిన్లలో కనిపించే సాలెగూటి గీతలు గ్లేజు, లోపలి మట్టి వేరువేరుగా కుంచించుకోవడం వల్ల వచ్చేవి. ఆ గీతల్లో మురికి చేరితే బాగుచెయ్యలేం, మార్చాల్సిందే.

పాతది తీసేటప్పుడు ముందు గోడ దగ్గరి యాంగిల్ కాక్ కట్టి, కుళాయి విప్పి గొట్టాల్లో మిగిలిన నీళ్ళు వదిలేయాలి. కింద బకెట్ పెట్టి బాటిల్ ట్రాప్ తిప్పి తీయాలి. యాంగిల్ కాక్ పాతికేళ్ళది అయితే గారతో బిగుసుకుపోయి ఉంటుంది. బలవంతంగా తిప్పితే గోడలో ఉన్న ముక్క విరుగుతుంది. టాంకీ దగ్గరి వాల్వు కట్టి, యాంగిల్ కాక్‌ను కూడా ఈ సందర్భంలోనే మార్చేయడం మంచిది. బేసిన్ కన్నానికి బిగించే వేస్ట్ కప్లింగ్ కొనేటప్పుడు బేసిన్ లోపలి గోడకు పై భాగంలో పొంగు నీరు పోయే చిల్లు ఉందో లేదో చూసుకోండి. చిల్లు ఉంటే పక్కన సందులున్న హాఫ్ థ్రెడ్ కప్లింగ్ కావాలి, లేకపోతే ఫుల్ థ్రెడ్. చిల్లు ఉన్న బేసిన్‌కు ఫుల్ థ్రెడ్ వేస్తే పొంగు నీటికి దారి మూసుకుపోతుంది.

బండకు గోడకు మధ్య, బండకు బేసిన్‌కు మధ్య సందును తెల్ల సిమెంటుతో పూడ్చడం మన దగ్గర అలవాటు. తెల్ల సిమెంటు గట్టిపడ్డాక సాగదు. బండ, బేసిన్, గోడ వేడికీ బరువుకూ వేరువేరుగా కదులుతాయి, ఏడాదిలోపే సందు తెరుచుకుంటుంది. సిలికోన్ రబ్బరులా సాగుతుంది. అది గాలిలోని తేమతో గట్టిపడే పదార్థం, రోజుకు రెండు మూడు మిల్లీమీటర్ల లోతు దాకా ఆరుతుంది. అందువల్ల పెట్టిన మరునాడు కూడా నీళ్ళు తగలనివ్వకపోతే మంచిది. ట్యూబు విప్పగానే వెనిగర్ వాసన ఘాటుగా వస్తే అది ఎసిటిక్ ఆమ్లం వదిలే రకం. సిమెంటు, పాలరాయి, కడప బండ మీద ఆ ఆమ్లం సున్నాన్ని తిని, అతుకు కింద పొడి మిగులుస్తుంది, అతుకు ఊడిపోతుంది. ట్యూబు మీద న్యూట్రల్ అని రాసి ఉన్నది అడగండి. గ్రానైటు బండే అయినా వెనక గోడ సిమెంటుదే కదా.

చివరగా, కింద కనిపించకుండా ఉండే బాటిల్ ట్రాప్. బేసిన్ నుంచి వెళ్ళే గొట్టం నేరుగా కాలువలోకో సెప్టిక్ ట్యాంకులోకో పోతే అక్కడి గాలి, బొద్దింకలు, దోమలు అదే దారిన ఇంట్లోకి వస్తాయి. దారి మధ్యలో కొంచెం నీళ్ళు ఎప్పుడూ నిలిచి ఉండేలా వంపు పెడితే నీళ్ళు కిందికి పోతాయి, గాలి పైకి రాదు. 1775లో లండన్‌లో అలెగ్జాండర్ కమింగ్ అనే గడియారాల నిపుణుడు మరుగుదొడ్డికి ఈ వంపును పేటెంటు చేశాడు. నిలిచే నీటి లోతు సాధారణంగా 50 నుంచి 75 మిల్లీమీటర్లు. ఆ రెండు మూడంగుళాల నీళ్ళే మన ఇంటికీ మురికి కాలువకూ మధ్య తలుపు.

ఈ తలుపు తెరుచుకుంటే ఏమవుతుందో 2003 మార్చిలో హాంకాంగ్‌లో తెలిసింది. అమోయ్ గార్డెన్స్ అనే బహుళ అంతస్తుల నివాసంలో 300 మందికి పైగా సార్స్ సోకింది. స్నానాల గదుల నేల జాలీల కింది ట్రాపుల్లో నీళ్ళు ఎండిపోయాయనీ, ఎగ్జాస్ట్ ఫ్యాన్లు గాలిని పీల్చినప్పుడు మురుగు గొట్టంలోని తుంపరలు ఆ ఎండిన దారుల గుండా ఇళ్ళలోకి వచ్చాయనీ విచారణలో తేలింది.

ఇది మనకు పరాయి విషయం కాదు. పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉండి, పెద్దవాళ్ళు ఆర్నెల్లు అక్కడికి వెళితే తాళం పడే ఇళ్ళు వీరులపాడు, జుజ్జూరుల్లో చాలా ఉన్నాయి. మే నెల వేడిలో మూసిన గదిలో ట్రాపు నీళ్ళు కొన్ని వారాల్లో ఆవిరైపోతాయి. తిరిగి వచ్చి తలుపు తీయగానే కొట్టే కుళ్ళిన కోడిగుడ్ల వాసన హైడ్రోజన్ సల్ఫైడుది. కిటికీలు తెరిచి, ప్రతి బేసిన్‌లో, ప్రతి జాలీలో ఒక చెంబుడు నీళ్ళు పోయాలి. వాసన పోవడానికి యాసిడ్, దాని వెంటనే బ్లీచింగ్ పౌడరు వేసే అలవాటు ప్రాణం మీదికి తెస్తుంది. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది, మూసిన స్నానాల గదిలో అది ఊపిరి ఆడనివ్వదు. తాళం వేసి వెళ్ళే ముందు ట్రాపులో నీళ్ళు నిండా ఉన్నాయో చూసి, పైన ఒక గరిటెడు వంటనూనె పోయండి. నూనె నీటి మీద పొరగా తేలి ఆవిరి కాకుండా అడ్డుకుంటుంది.

అంతా బిగించాక బేసిన్ కన్నానికి మూత పెట్టి, పొంగు చిల్లు దాకా నీళ్ళు నింపి, ఒక్కసారిగా వదలాలి. కింద ప్రతి అతుకు చుట్టూ పొడి న్యూస్ పేపరు ముక్క చుట్టి చూడండి. సన్నగా చెమ్మ వచ్చినా కాగితం చెబుతుంది. నీళ్ళు పోయేటప్పుడు చివర్లో గ్లగ్ గ్లగ్ శబ్దం మరీ గట్టిగా వస్తుంటే గొట్టం దిగువకు లాగే వేగానికి ట్రాపు నీళ్ళు కూడా లాగబడుతున్నాయని అర్థం. అప్పుడు ప్లంబరును పిలిచి గోడలోకి పోయే గొట్టానికి ఇంత నిటారు దిగుడు లేకుండా చేయించి, గాలి దారి పెట్టించాలి. కొత్త బండ మీద రోజూ రాత్రి ఒక పొడిగుడ్డ వేసి తుడిస్తే గార పట్టదు. కుళాయికి పట్టిన గారకు నిమ్మ ఉప్పు నీళ్ళలో తడిపిన గుడ్డను పది నిమిషాలు చుట్టి కడిగేస్తే చాలు, క్రోమియం పూత కూడా దెబ్బ తినదు.